కులానికి చెప్పని బుక్క

ఐదేళ్ల తర్వాత నన్ను జైలు నుంచి వదిలిన రోజు మా ఆయన వెంకటేశం గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఉగాది వెళ్లి కొన్నాళ్లయింది, ఎండ మాడుస్తోంది. నా కోసం గొడుగు తెచ్చాడు, పోనీలే, ఇన్నేళ్లకు బుద్ధి వచ్చిందని సంబరపడ్డాను. బస్సెక్కి కూర్చున్నాక కూడా దాన్ని నా ముఖానికి అడ్డంగా పట్టుకునే ఉన్నాడు. కండక్టరు వచ్చి, "ఏందయ్యా, బస్సుల వాన పడుతున్నదా?" అని గద్దించాక మూశాడు.

"సిగ్గయితున్నదా?" అని అడిగాను.

"సిగ్గు కాదే. యాదగిరిగాడు గీ బస్సులనే తిరుగుతుంటడు. నిన్ను సూస్తే ఏమంటడో అని."

యాదగిరి మా బావ కొడుకు. ఆ బావను చంపినందుకే నేను జైలుకు పోయాను.

దాచేదేముంది, ఇక్కడే చెప్పేస్తాను. మా ఆయనకు ఒక్కడే అన్న, పెద్దరాములు. ఇద్దరికీ కలిపి ఒకటే మోట బావి. పొద్దున పెద్దాయన మోట కొట్టుకోవాలి. బావి గోడ నీడ మెట్ల మీది నల్లరాయిని దాటిందంటే వంతు మాది. అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో బావిలో నీళ్లు అడుగంటాయి. ఆ రోజు నీడ రాయి దాటి చాలాసేపయినా పెద్దాయన ఎడ్లను విప్పలేదు. మా ఆయన అడిగాడు. గట్టిగా అడగటం ఆయనకు ఎప్పుడూ రాదు, నసిగాడు. పెద్దాయన ఆయన మెడ పట్టుకుని, మోట నీళ్లు పడే తొట్టిలోకి వంచి, మెడ మీద మోకాలు వేసి, "తాగు, నీ వంతు నీళ్లు తాగు" అన్నాడు. నేను పక్కనే మేకలకు తుమ్మ మండలు కొడుతున్నాను. మా ఆయన కాళ్లు కొట్టుకున్నాయి. తర్వాత కొట్టుకోవటం తగ్గింది. నా చేతిలో గొడ్డలి ఉంది.

మొద్దువైపుతో కొట్టావా, పదునువైపుతో కొట్టావా అని కోర్టులో వకీలు గుచ్చి గుచ్చి అడిగాడు. మొగుడు నీళ్లలో చస్తుంటే గొడ్డలిని తిప్పి చూసుకుంటారా ఎవరైనా? మూడు దెబ్బలు కొట్టానని నేనే చెప్పాను. మొదటిది వదలమని కొట్టాను. వదల్లేదు కాబట్టి రెండోది కొట్టాను. మూడోది మాత్రం కోపానికి కొట్టాను. అప్పటికే ఆయన పక్కకు ఒరిగిపోయాడు. నాకు శిక్ష పడింది ఆ మూడోదానికేనని నా నమ్మకం.

చేసిందానికి బాధపడుతున్నావా అని జైల్లో పెద్ద పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా అడిగేవారు. మా ఆయన బతికే ఉన్నాడు కదా సార్ అనేదాన్ని. వాళ్లకు ఆ జవాబు నచ్చేది కాదు.

మా బారకులో ముత్యమ్మ అని ఒకామె ఉండేది, జోగిపేట వైపు మనిషి. అందరికంటే ముందు వచ్చింది కాబట్టి నల్లా ఆమెది. ఆమె పట్టుకున్నాకే మిగిలినవాళ్లు పట్టుకోవాలి. కొత్తలో నేను దాహానికి ఆగలేక ముందు నా చెంబు పెట్టాను. రేకు చిప్ప అంచుతో నా చెవి మీద కొట్టింది. తమ్మె తెగి వేలాడింది. నేను ఆమె జుట్టు దొరకబుచ్చుకుని నల్లా కింది బండకేసి బాదాను. నీళ్లు ఎర్రగా పారుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కరూ అరవలేదు, ఎవరి చెంబులు వాళ్లు పక్కకు జరుపుకున్నారు. వార్డరమ్మ వచ్చి ఇద్దరినీ మోకాలి చిప్పల మీద కొట్టి చెరొక కొట్లో వేసింది. చూడండి, అక్కడికి పోయినా నాకు నీళ్ల వంతు గొడవ తప్పలేదు.

కొట్లోంచి బయటికి వచ్చాక ముత్యమ్మే నన్ను పిలిచి తన పక్కన పడుకోబెట్టుకుంది. అక్కడ స్నేహాలు అట్లాగే మొదలవుతాయి. గోడకు వీపు ఆనించి తినాలని, చెంబు పొట్ట కింద పెట్టుకుని పడుకోవాలని, మనిషి దగ్గరికి వస్తుంటే ముఖం కాదు, చేతులు చూడాలని, చేతిలో ఏదైనా ఉంటే ఆలోచించకుండా ముందు మనమే కొట్టాలని ఆమె నేర్పింది. బిడ్డను తలుచుకుని ఏడిస్తే మాత్రం చెంప పగలగొట్టేది. ఒకతి ఏడిస్తే బారకంతా అంటుకుంటుంది అనేది.

నా బిడ్డ పేరు పోశమ్మ, ఇంట్లో పోశి అంటారు. పోలీసులు నన్ను తీసుకుపోయేనాటికి దానికి పాలు మాన్పించి ఎక్కువ రోజులు కాలేదు. జైల్లో ఉన్నన్నాళ్లూ నాకు కావలసింది ఒకటే, బయటికి పోయి దాన్ని నా పక్కలో పడుకోబెట్టుకోవటం. పొలం అక్కర్లేదు. ఊరి మర్యాద అసలే అక్కర్లేదు.

పటాన్‌చెరు దగ్గర బస్సు దిగి చూస్తే, రోడ్డుకు అటూ ఇటూ జొన్నచేలు ఉండాల్సిన చోట కొత్త ప్రహరీలు, రేకుల షెడ్లు. హిందీలో అరుచుకుంటూ లారీల మీది నుంచి ఇనుము దించుతున్నారు. మా ఊరి దారి పట్టాం. మా చెలక ఉన్నచోట కూడా మనిషిని మించిన గోడ లేచింది.

"మన బావి ఏది?" అన్నాను.

"గా గోడ లోపటనే ఉండె. పూడ్చిండ్రు."

"పూడ్చిండ్రా?"

"కంపెనోడు భూమి కొన్నడు గదనే. బావి మీదనే ఇనుము కరగబోసే షెడ్డు ఏసిండ్రు. నేను గేటుకాడ చౌకీదారును. యాదగిరి లోపట పోత పోస్తడు."

ఏ నీళ్ల కోసం అన్న తమ్ముణ్ణి చంపబోయాడో, నేను అన్నను చంపానో, ఆ చోట ఇప్పుడు పగలూ రాత్రీ నిప్పు మండుతోంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక గోడ పక్కనే కూలబడి నవ్వాను. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. మా ఆయన గబుక్కున మళ్లీ గొడుగు తెరిచాడు.

ఇంటి ముందు కులపెద్ద కిష్టప్ప మంచం వేయించుకుని కూర్చున్నాడు. నన్ను చూసి గొంతు సవరించుకున్నాడు.

"కౌసల్యా, ఎదురుంగనే చెప్తున్న, ఏమనుకోకు. నువ్వు మనిషిని తీసినదానివి, జైలు కూడు తిన్నదానివి. కులంల కలిసేదాక గడప తొక్కొద్దు. కొట్టంల ఉండు. నీ చిప్ప వేరె, నీ చెంబు వేరె. నీతోని కలిసి తిన్నోడు గూడ బయటికే. పిల్ల తల్లితాన పండుకోవద్దు."

"కలవాల్నంటే ఏం జెయ్యాలె?"

"ఎరికే గద. సచ్చినోని ఇంటి ఆడమనిషి కులం ముందట తన చేతితోని నీ నోట్ల బుక్క పెట్టాలె. పుష్పమ్మ పెడితే రేపే కలుస్తవు. పెట్టకుంటే మా చేతిల ఏం లేదు."

పుష్పమ్మ నా తోడికోడలు, పెద్దరాములు భార్య. రెండు కుటుంబాలకూ ఒకటే ఇల్లు. గడప లోపల నిలబడి ఉంది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. ఆమె కొంగు పట్టుకుని ఒక పిల్ల నన్ను తొంగి చూస్తోంది. నా మేనత్త పోలికే, ఆ వెడల్పు నుదురు.

"అమ్మా, ఎవలే గామె?" అని అడిగింది పిల్ల. పుష్పమ్మను అడిగింది.

"జైలుకెల్లి వచ్చిందిలే" అని లోపలికి లాక్కుపోయింది పుష్పమ్మ.

ఆ సాయంత్రం కొట్టంలో మా ఆయన్ని పట్టుకుని, "నా బిడ్డతోని దాన్ని అమ్మా అనిపిస్తరా?" అని మీద పడ్డాను.

"ఎవలు అనిపించలేదే. గుక్కపట్టి ఏడుస్తుంటే ఒదినె ఎత్తుకున్నది. మళ్ల దించలే."

"మనం ముగ్గురం యాడికన్న పోదాం పా."

"యాడికి పోతమే? పోతె యాదగిరి ఊకుంటడా?" అన్నాడు. ఆయన భయం ఆయనది. నీళ్లలోంచి తల తీశాను గానీ, ఆ తలలో భయాన్ని తీయలేకపోయాను.

కులాన్ని కూర్చోబెట్టటానికి మేకను కోశారు. ఇంటి ముందు చాపలు పరిచారు. మగవాళ్లంతా విస్తళ్ల ముందు కూర్చుని, వాసన పీలుస్తూ, ముందు ఈ తంతు అయిపోతే బాగుండుననే ముఖాలతో చూస్తున్నారు. నన్ను నడిమధ్య కూర్చోబెట్టారు. యాదగిరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను వాడి చేతులు చూశాను. కరిగిన ఇనుము చిట్లి ముంజేతుల నిండా మచ్చలు. ఖాళీగానే ఉన్నాయి.

పుష్పమ్మ కంచంలో అన్నం పట్టుకుని వచ్చింది. పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన అన్నం, పొగలు కక్కుతోంది. నా ముందు వంగింది. ఒక ముద్ద తీసి నా నోటి దాకా తెచ్చింది. నేను నోరు తెరిచాను. ఆమె ముద్దను నా ముఖాన కొట్టింది. కంచం కూడా ఎత్తి నా నెత్తిన కుమ్మరించింది.

"నా బతుకుల మట్టి పోసినదానికి నేను బువ్వ పెట్టాల్నా? సిగ్గుందారా మీకు? మేక కూర కోసం ఆయన పేరు మరిసిండ్రా?"

మెతుకులు చెవి లోపలికి పోయి కాల్చాయి. నేను లేచి ఆమె గొంతు పట్టుకునేదాన్నే, మా ఆయన వెనక నుంచి నా నడుము వాటేసుకున్నాడు. పుష్పమ్మ కూర గిన్నెను కాలితో తన్నటానికి పోయింది. అప్పుడు మాత్రం కులమంతా ఒక్కటై లేచి గిన్నెను కాపాడుకున్నారు. కలుపుకోవటం జరగలేదు. మేకను మాత్రం ఎముకలతో సహా తిని లేచారు.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. నా ముఖం మీద బొబ్బలు ఆరాయి. కొట్టంలో నేను, ఒక ముసలి బర్రె. అది ఈనటం మానేసి ఏళ్లయింది, అమ్ముదామంటే కొనేవాడు లేడు. పోశి రోజూ గుమ్మంలోంచి నన్ను చూసేది. దగ్గరికి రమ్మంటే పారిపోయేది. ఒకసారి బెల్లం ముక్క చూపించి పిలిచాను. రెండడుగులు వేసి, "నువ్వు పెద్దనాయిన్ని సంపినవా?" అని అడిగింది. సంపిన అన్నాను. "మీ నాయిన్ని సంపుతుంటే సంపిన" అని కూడా అన్నాను. కాసేపు ఆలోచించి, బెల్లం తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఆ రోజు నేను ఏడ్చాను. చెంప మీద కొట్టటానికి ముత్యమ్మ లేదు.

కంపెనీకి సెలవైన ఒక మధ్యాహ్నం మా ఆయన పటాన్‌చెరు పోయాడు. నేను కొట్టంలో కూర్చుని కొడవలితో జొన్నచొప్ప కోస్తున్నాను. మనిషి నీడ పడింది. ముఖం చూడలేదు, చేతులు చూశాను. పోత షెడ్డులో బొగ్గులు ఎగదోసే ఇనుప సలాక. యాదగిరి దగ్గర కల్లు వాసన వేస్తోంది.

"కల్లుకాడ అందరు అడుగుతున్నరు. మీ నాయిన్ని సంపినదాన్ని ఇంట్ల పెట్టుకొని మేపుతున్నవటగద, నువ్వు మొగోనివేనా అని అడుగుతున్నరు."

ఊరుకుంటే పోయేది. నా నోరు ఊరుకోదు. "మొగోనివే. గందుకే ఇంట్ల మొగోడు లేనిది సూసి వచ్చినవు" అన్నాను.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. తాగి ఉన్నాడు, కాళ్లు ఎడంగా పెట్టి ఊగుతున్నాడు. నా చెయ్యి నన్ను అడక్కుండానే లేచింది. వాడి కడుపు నా కొడవలికి అందేంత దగ్గరలో ఉంది. చొక్కా గుండీలు ఊడి పొట్ట కనబడుతోంది. వాడి వెనక గుమ్మంలో పోశి నిలబడి ఉంది. నేను కొడవలిని చొప్ప కిందికి తోసి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాను.

కుడి ముంజెయ్యి ముందు విరిగింది. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడు నాకే వినబడింది. ఎడమ చేతితో కాసుకున్నాను. వీపు మీద, తొడల మీద పడ్డవి ఎన్నో తెలియదు. బర్రె తాడు తెంపుకోవాలని చూసి, చేతకాక పడుకుంది. పుష్పమ్మ వచ్చింది. వచ్చి ఆపలేదు, అది నా కళ్లతో చూశాను. పోశి కళ్లను అరచేత్తో మూసి, తను మాత్రం కళ్లు తెరుచుకుని చూస్తూ నిలబడింది. నా ఎడమ చెయ్యి కూడా విరిగాక, "ఇగ చాలురా" అంది.

వాడు ఆగాడు. సలాక కింద పడేసి, కొట్టం గోడ పట్టుకుని కక్కుకున్నాడు.

దవాఖానకు పోతే పోలీసులు అడుగుతారని, మా ఆయన ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు నుంచి ఎముకలు కట్టే ఐలన్నను పిలుచుకొచ్చాడు. ఐలన్న నా చంకలో కాలు తన్నిపెట్టి చెయ్యి లాగాడు. ఊరు ఊరంతా వినేట్టు అరిచాను. కోడిగుడ్డు సొన, మినప్పిండి పట్టించి, వెదురు బద్దలు వేసి, రెండు చేతులూ మోచేతుల పైదాకా కట్టాడు. వానలు పడేదాకా కదిలించొద్దన్నాడు.

మా ఆయన ఏడుస్తూ అన్నం కలిపి తెచ్చాడు. నేను నోరు తెరవలేదు.

"నువ్వు పెడితే నిన్ను గూడ ఎల్లేస్తరు. గప్పుడు ఊరి బావిల నీళ్లు ముట్టనియ్యరు. గీ కరువుల పిల్లకు నీళ్లు యాడికెల్లి తెస్తవు?" అన్నాను.

ముట్టుకుంటే తప్పు లేదట, తినిపిస్తేనే తప్పట. అందుకని కడగటం, తుడవటం ఆయనే చేసేవాడు. అంబలి మాత్రం వెడల్పు సత్తు గిన్నెలో పోసి బండ మీద పెట్టి పోయేవాడు. నేను మోకాళ్ల మీద వంగి, మూతి పెట్టి తాగేదాన్ని. పక్కన బర్రె కుడితి తాగేది. ముక్కులోకి పోయి దగ్గొచ్చేది. జైల్లో కూడా నేను అట్లా తినలేదు. అంత కోపం, అంత అవమానం నాకు ఎప్పుడూ కలగలేదు. యాదగిరిని చంపాలని తాగిన ప్రతి గుక్కకూ అనుకున్నాను. చేతులు బాగయ్యాక కొడవలి ఎక్కడుందో గుర్తుంచుకోవాలని కూడా అనుకున్నాను.

శిక్ష మిగిలుండగానే వదిలారు కాబట్టి, నెలనెలా ఠాణాకు వెళ్లి వేలిముద్ర వేసి రావాలని విడిచిపెట్టేటప్పుడే చెప్పారు. పోకపోయేసరికి ఒక పొద్దున జమేదారు సైకిలు మీద వచ్చాడు.

"ఏమే, పరారైనవనుకున్న. ముద్ర ఎవలేస్తరు, మీ తాతనా?" అంటూ కొట్టంలోకి వచ్చి కట్లు చూశాడు. "ఎవడు కొట్టిండు?"

"ఎవలు కొట్టలే సార్. బర్రె తొక్కింది."

జమేదారు బర్రె వైపు తిరిగాడు. అది కళ్లు సగం మూసుకుని, పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చన్నట్టు పడుకుని, నెమరు వేస్తోంది.

"గిదా? గిది లేవాల్నంటే ఇద్దరు తోకబట్టి లేపాలె. గిది తొక్కిందా?"

"ఎండకు యెర్రెక్కింది సార్."

లాఠీ కొనతో నా గడ్డం పైకెత్తాడు. "యాదగిరి కొట్టిండని ఊరంత అంటున్నది. ఒక్క మాట నువ్వు చెప్పు. వాణ్ణి ఇప్పుడే గుంజుకపోయి లోపలేస్త. నీ పగ తీరుతది." లాఠీని దించి నా కుడిచేతి కట్టు మీద పెట్టి నొక్కాడు. నా కళ్లు బైర్లు కమ్మాయి. "చెప్పు. ఎవడు?"

ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. దాని వెనక పుష్పమ్మ ఊపిరి కూడా తీయకుండా నిలబడిందని నాకు తెలుసు. లోపల యాదగిరి రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్నాడు. ఒక్క మాట అంటే చాలు. పొద్దుటి అంబలి ఇంకా నా ముక్కుల్లో మండుతోంది.

యాదగిరి మీద నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు. కాని జైలుకు పోయినవాడు ఎట్లా తిరిగి వస్తాడో నాకు తెలిసినంత ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. వెళ్లేటప్పుడు తాగి కొట్టి కక్కుకునే కుర్రవాడు. వచ్చేటప్పుడు మనుషుల చేతులు చూసేవాడు వస్తాడు. వచ్చి, పోశి తిరిగే ఆ ఇంట్లోనే ఉంటాడు. నాలాంటిదాన్ని ఒకదాన్ని మోయటమే ఆ ఇంటికి ఎక్కువ.

"బర్రె" అన్నాను.

ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి బర్రె అనే అన్నాను. ఉమ్మేసి, "మీ సావు మీరు సావుండ్రి" అని లేచాడు. పోతూ పోతూ బర్రె వీపున లాఠీతో ఒకటి వేశాడు.

మధ్యాహ్నం పుష్పమ్మ వచ్చింది. చేతిలో కంచం, అన్నం, పప్పు. నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. కులం కూర్చున్న రోజు తర్వాత ఆమె నాకు అంత దగ్గరగా రావటం అదే మొదలు. నేను గోడకు వీపు ఆనించి ఆమె చేతులు చూశాను.

"నోరు తెరు" అంది.

"ఎందుకక్కా? మళ్ల నెత్తిన పోస్తవా?"

"బర్రె లెక్క మూతి పెట్టి తాగుతున్నవు. రోజు సూడలేక సస్తున్న. తెరు."

"కులం..."

"ఈడ కులం లేదు. నువ్వు, నేను, గా బర్రె." అన్నం కలపటం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. "నేను మాఫ్ చేసిన అనుకుంటవేమో. చెయ్యలే. కోర్టుల నువ్వు చెప్తుంటే ఇన్న. ఒకటోది ఎందుకు కొట్టినవో నాకు ఎరికె. రెండోది గూడ ఎరికె. ఆయన కోపం సంగతి నాకంటె ఎక్వ ఎవలికి తెలుసు? మూడోది ఎందుకు కొట్టినవే?"

ఇన్నేళ్లలో ఎంతోమంది ఎన్నో అడిగారు. ఆ ప్రశ్న ఆమె ఒక్కతే అడిగింది.

"కోపానికి" అన్నాను.

పుష్పమ్మ చాలాసేపు అన్నం పిసుకుతూనే ఉంది. ముద్ద మెత్తగా గుజ్జులా అయిపోయింది. "నీ ఒక చెయ్యి ఇరిగినప్పుడే నేను యాదగిరిని ఆపొచ్చు" అంది. "రెండోది ఇరిగేదాక ఆపలే. అది గూడ కోపానికే."

నేను నోరు తెరిచాను. ఆమె పెట్టింది. ఉప్పు ఎక్కువైంది, ఆ మాట అనలేదు. ఇద్దరం ఏడ్చాం, చెప్పుకోవటానికి నాకేం సిగ్గు లేదు. ఏడుస్తూ ఆమె పెడుతూనే ఉంది, నేను తింటూనే ఉన్నాను.

ఎవరు చూసి చెప్పారో, కంచం సగం కాకముందే కిష్టప్ప చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఇంకో మేక కళ్లలో కనబడుతోందేమో.

"పుష్పమ్మా, బుక్క పెట్టినవట గద? మంచి పని జేసినవు. చెప్పు, ఈ పూటనే కులాన్ని కూసోబెడత. కౌసల్య గడప తొక్కుతది, బిడ్డను పక్కల ఏసుకుంటది."

పుష్పమ్మ చేతి నిండా అన్నం మెతుకులు.

"పెట్టలే" అంది.

"చేతికి బువ్వ ఉన్నది గదనే?"

"బర్రెకు పెడుతున్న."

"అబద్ధం ఆడకు. పెట్టిన అను, అయిపోతది."

"పెట్టలే. కులం ముందట ఎన్నడు పెట్ట. నేను సచ్చేదాక పెట్ట. పెడితే ఆయన నెత్తురు కడిగినట్టయితది. గది నాతోని కాదు."

అయిపోయింది అనుకున్నాను. నోట్లో ముద్ద అట్లాగే ఉంది. పోశి గుమ్మంలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. కిష్టప్ప కర్రను నేలకు తాటించాడు.

"అయితె నేను జెప్పిన మాటే మాట. పిల్ల తల్లితాన పండుకోవద్దు. ఈ కొట్టం దిక్కు రానియ్యకుండ్రి."

పుష్పమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకు చెక్కుకుంది. ఆ నిలబడటం చూసి కిష్టప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవలు తల్లి? కౌసల్య బిడ్డ కౌసల్యతాన పండుకుంటె తప్పు. నా బిడ్డ నా కొట్టంల పండుకుంటే నీకేం తప్పు? జరమొస్తే ఎవలెత్తుకున్నరు? మాటలు ఎవలు నేర్పిండ్రు? అది నా బిడ్డ. కాదను, కాదని కులం ముందట నువ్వే అను. నా బిడ్డ యాడ పండుకోవాల్నో నేను జెప్త, కులం గాదు." ఇంటి వైపు తిరిగి కేకేసింది. "పోశీ! చాప తేవే. కొట్టంల ఎయ్యి. ఇంట్ల ఉడకపోస్తున్నది."

కిష్టప్ప ఏదో గొణుక్కుంటూ వచ్చినదారినే పోయాడు.

పోశి తనకంటే పొడవైన చాపను ఈడ్చుకుంటూ వచ్చింది. "అమ్మా, యాడ ఎయ్యాలె?" అని పుష్పమ్మను అడిగింది.

"గామె పక్కన ఎయ్యి. చేతులకు తగలకుండ పండుకో."

పిల్ల నా పక్కన చాప పరిచి, దాని మీద కూర్చుని, నా చేతి కట్టును ఒక వేలితో ముట్టి చూసింది.

నా బిడ్డ, నా బిడ్డ అని పుష్పమ్మ అన్నన్నిసార్లు అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవతి బిడ్డే, నవమాసాలు ఎవతి మోసింది అని గట్టిగా అడుగుదామనుకున్నాను. నోటినిండా అన్నం ఉంది. నేను నమిలి మింగేలోపల ఆమె మళ్లీ కూర్చుని, ఇంకో బుక్క కలిపి నా నోటి ముందు పట్టుకుంది.